కంటికి కనబడని కుట్టు



పుట్టు గ్రుడ్డివాడొకడు త్రోవప్రక్కను ఉండగా శిష్యులు ప్రభువును ఏమి అడిగిరో యోహాను సువార్త 9వ అధ్యాయములో మనమందరము చదివియున్నాము. వానికి చేయి అందించుటకు ముందే, వాని చీకటికి కారణమైన పాపము ఎవరిదో తేల్చవలెనని వారు తొందరపడిరి. ఆ భాగముమీద నేను ఎన్నిమారులు ప్రసంగించితినో లెక్కలేదు. ప్రసంగించిన ప్రతిమారును ఆ శిష్యులు ఎంత మందబుద్ధులో అనుకొంటిని. అయితే ఆ ప్రశ్ననే నేను నా సొంత చెల్లెలి విషయమై అడిగితిననియు, అదియు ప్రసంగపీఠముమీదనుండి అడిగితిననియు మీయెదుట ఒప్పుకొనుటకు ఈ మాసము వ్రాయుచున్నాను.

ఇది కడుపును గూర్చిన సంగతి. కడుపు సంగతి ధ్యానపత్రికలో ఏల అని మీరు అడుగవచ్చును. మన ఆత్మను చేసిన దేవుడే మన ప్రేగులను కూడ చేసెను. సంఘములో మనము ఒకరినొకరు తీర్పు తీర్చుకొనునది ఎక్కువగా ఆత్మనుబట్టి కాదు, కంటికి కనబడు శరీరమునుబట్టియే. కావున కొంచెము ఓపికతో చదువుడని వేడుకొనుచున్నాను.

నా చెల్లెలు నాకంటె మూడేండ్లు చిన్నది, పాఠశాల ఉపాధ్యాయిని. 2014 నాటికి ఆమె బరువు 118 కిలోలు. చక్కెరవ్యాధికి మాత్రలు చాలక ఇన్సులిను సూదులు వేసికొనుచుండెను. మా గుడికి మూడు మెట్లున్నవి. ఆ మూడు మెట్లు ఎక్కుటకు ఆమె ద్వారబంధము పట్టుకొని రెండుమారులు నిలువవలసి వచ్చెడిది. 2015లో ఆమె ప్రావిడెంటు ఫండులో అప్పు తీసికొని, పట్టణమునకు వెళ్లి, గ్యాస్ట్రిక్ బైపాస్ అను ఆపరేషను చేయించుకొనెను. నేను వద్దంటిని. “ఉపవాసముతో పోయేదానికి కత్తి ఎందుకమ్మా?” అంటిని. “అన్నయ్యా, ఇరవై ఏళ్లుగా ఉపవాసాలు చేశాను. నీకు చెప్పలేదు, అంతే,” అని ఆమె బస్సెక్కెను.

ఆ ఆపరేషనులో చేయునది ఏమనగా: కడుపు పైభాగమును కోసి, చిన్న నిమ్మకాయంత సంచిగా వేరుచేయుదురు. మిగిలిన పెద్ద కడుపును తీసివేయరు. అది లోపలనే ఉండి తన ఆమ్లమును, రసములను క్రిందికి పంపుచునే యుండును గాని అన్నము దానిలోనికి పోదు. పిమ్మట చిన్న ప్రేగును క్రింద ఒకచోట కోసి, ఒక కొనను పైకి తెచ్చి ఆ చిన్న సంచికి అతుకుదురు. పెద్ద కడుపునుండి వచ్చు రెండవ కొనను క్రిందుగా అదే ప్రేగునకు కలుపుదురు. చూచుటకు పంగలకఱ్ఱవలె ఉండును. మనిషి కొంచెము తినగానే నిండును. అన్నము పెద్ద కడుపును, ప్రేగు మొదటి భాగమును దాటిపోవును. ఆకలిని, చక్కెరను ఏలెడి శరీర రసములు కూడ మారును. ఈ కోతలును అతుకులును ఈ దినములలో ఎక్కువగా సూదిదారముతో కాదు, స్టేప్లర్ అను యంత్రముతో చేయుదురు. మన కార్యాలయములలో కాగితములకు పిన్ను కొట్టు స్టేప్లరుకు అది పెద్దన్న వంటిది. ఒక్క నొక్కుతో ఇరుప్రక్కల వరుసలు వరుసలుగా సన్నని టైటానియం పిన్నులు దిగును, వాటి నడుమ కత్తి నడచును.

రెండేండ్లలో నా చెల్లెలు 74 కిలోలకు వచ్చెను. ఇన్సులిను మానెను. గుడి మెట్లు ఎక్కి, ద్వారబంధమును తాకకుండ లోపలికి వచ్చిన ఆ ఆదివారము నేను వాక్యము చదువుచు ఒక క్షణము ఆగిపోతిని. సంఘమంతయు దేవుని స్తుతించెను, నేనును స్తుతించితిని.

అయితే అయిదవ ఏడు గడచిన తరువాత బరువు తిరిగి రాసాగెను. మొదట మూడు కిలోలు, పిమ్మట పది. 2021 చివరకు 96 కిలోలు. చక్కెర మరల హెచ్చెను. స్త్రీల కూటములో గుసగుసలు బయలుదేరెను. లక్షలు పోసి కోయించుకొన్నది, నోరు మాత్రము కట్టుకొనలేకపోయినదని ఒకరనిరి. ఆ మాట నా చెవిని పడినప్పుడు నేను దానిని ఖండింపలేదు. ఏలయనగా నా మనస్సులోను అదే మాట ఉండెను.

ఆ మాసములోనే ఒక ఆదివారము నేను కడుపునే దేవునిగా చేసికొనువారిని గూర్చి ప్రసంగించితిని. ఎవరి పేరును చెప్పలేదు. చెప్పనక్కరలేకపోయెను. తలలు తమంతట తామే మూడవ వరుసవైపు తిరిగెను. నా చెల్లెలు బైబిలు మూసి ఒడిలో పెట్టుకొని, నేను ముగించువరకు నన్నే చూచుచు కూర్చుండెను. కూటము ముగిసిన పిమ్మట ఆమె ఒక్కమాటయే అనెను: “అన్నయ్యా, నేను అంత తినడం లేదు.” నేను నవ్వితిని. చదువరీ, ఆ నవ్వును నేను మరువలేకయున్నాను.

ఇంకొక సంగతియు చెప్పవలెను. బరువు తిరిగి వచ్చినకొలది ఆమె మోకాళ్ళ నొప్పియు తిరిగి వచ్చెను. నేను జాలిపడి, ప్రతి పదిహేను దినములకు మెడికల్ షాపునుండి నొప్పి మాత్రలు తెచ్చి ఆమె ఇంట ఇచ్చుచుంటిని. ఒక ప్రక్క నోటితో గద్దింపు, ఒక ప్రక్క చేతితో మాత్రలు. మంచి అన్ననే అనుకొంటిని.

2022 ఆరంభమున ఆమెకు పై కడుపులో మంట, నొప్పి ఎక్కువాయెను. ఒక రాత్రి విరేచనము తారువలె నల్లగా వచ్చెనని ఆమె కుమార్తె నాకు ఫోను చేసెను. లోపల రక్తము కారుచున్నదని దాని అర్థము. తెల్లవారుజామున కారు మాట్లాడుకొని పట్టణమునకు తీసికొనిపోతిమి. అక్కడి వైద్యురాలు చిన్నవయస్సుది. సన్నని గొట్టమును నోటిద్వారా పంపి లోపల చూచు ఎండోస్కోపీ చేసెను. తరువాత మందు త్రాగించి ఎక్స్‌రే బొమ్మలు తీయించెను. మరునాడు మమ్మును కూర్చుండబెట్టి, ఒక కాగితము వెనుక పెన్సిలుతో కడుపు బొమ్మ గీసెను.

సంచికిని ప్రేగునకును అతుకు వేసినచోట ఒక లోతైన పుండు. అంతేకాదు, చిన్న సంచికిని పాత పెద్ద కడుపునకును మధ్య ఒక సన్నని సందు ఏర్పడినది. తినిన అన్నములో కొంత ఆ సందుగుండ పాత కడుపులోనికి పోవుచున్నది. కాబట్టి కడుపు నిండదు, బరువు తిరిగి వచ్చును. పాత కడుపులోని ఆమ్లము అదే సందుగుండ పైకి వచ్చి అతుకుమీద పడుచున్నది, కాబట్టి పుండు. “ఈవిడ అబద్ధం చెప్పడం లేదండీ,” అని ఆమె నావైపు చూచి అనెను. నేను అంతవరకు ఒక్క మాటయు పలుకలేదు. నా ముఖములోనే ఆమె ఏదో చదివియుండును.

పిమ్మట ఆమె నా చెల్లెలిని అడిగెను: “మోకాళ్ళ నొప్పులకు మాత్రలు వాడుతున్నారా?”

“అవునండీ.”

“ఎవరిచ్చారు?”

నా చెల్లెలు నావైపు చూడలేదు. “మెడికల్ షాపులో దొరుకుతాయి కదండీ,” అనెను.

చదువరీ, నేను పీఠముమీదనుండి ఆమెను సిగ్గుపరచితిని. ఆమె వైద్యురాలి యెదుట నన్ను కప్పెను. నా గొంతు పూడుకొనిపోయెను. “నేనే తెచ్చి ఇచ్చానమ్మా,” అని చెప్పితిని. వైద్యురాలు నన్ను కోపపడలేదు. బైపాస్ అయినవారికి ఆ జాతి నొప్పి మాత్రలు అతుకువద్ద పుండు లేపునని, పొగాకు కూడ అట్లే చేయునని నిదానముగా చెప్పెను. 2015లో ఆసుపత్రివారు ఇచ్చిన కాగితములో ఆ మాట వ్రాసియే యున్నది. నేను ఆ కాగితమును ఎన్నడును చదువలేదు. ఏటేట చూపించుకొనవలెనని కూడ అందులోనే ఉన్నది. మొదటి మూడేండ్లు ఆమె వెళ్లెను, తరువాత దూరమనియు, 2020లో కరోనా అనియు మానెను.

“కుట్టు ముందు విడిందా, పుండు వల్ల సందు పడిందా?” అని అడిగితిని. అట్లడుగుటలో నా భావమేమో ప్రభువుకు తెలియును. తప్పెవరిదో తేల్చుకొనవలెనని నాకు ఆతురత. “రెండూ జరుగుతాయండీ. సందు వల్ల పుండు వస్తుంది, పుండు వల్ల సందూ పడుతుంది. ఈవిడ విషయంలో ఏది ముందో ఇప్పుడు చెప్పలేం. ఇప్పుడు ఏం చేయాలో చూద్దాం,” అని ఆమె అనెను. గ్రుడ్డివాని ప్రక్కను నిలిచిన ప్రభువు శిష్యుల ప్రశ్నను ప్రక్కకు పెట్టి, దేవుని క్రియలు వానియందు కనబడవలసిన సంగతి చెప్పి, క్రిందికి వంగి బురద కలిపెను గదా. సెమినరీలో నేను నేర్వని వ్యాఖ్యానమును ఆ ఆసుపత్రి గదిలో నేర్చుకొంటిని.

ఇంటికి వచ్చిన తరువాత ఈ కుట్టు సంగతి పుస్తకములలో చదివితిని. చదివినకొలది నా అతిశయము తగ్గెను. మీకును ఉపయోగపడునని క్లుప్తముగా చెప్పుచున్నాను.

కడుపునకు పిన్నులు కొట్టు యంత్రమును మొదట చేయించినవాడు హంగేరీ దేశపు బుడాపెస్ట్ నగరమున హుమేర్ హుల్ట్‌ల్ అను వైద్యుడు, 1908లో. కోసిన కడుపులోనిది బయటికి ఒలికినయెడల రోగి చచ్చును; అందుచేత ముందు మూసి పిదప కోయవలెనని ఆయన తలంపు. ఆ యంత్రము మోయుటకే బరువు, అమర్చుటకు ఎంతో సేపు పట్టెడిది. అదే దేశస్థుడైన అలదార్ పెట్జ్ 1921లో తేలికయైనదానిని చేసెను. తరువాత మాస్కోలో ఇట్టి యంత్రములనేకము తయారాయెను. అమెరికా దేశపు వైద్యుడు మార్క్ రావిచ్ 1958లో సోవియట్ దేశమునకు వెళ్లి వాటిని చూచి, తన దేశమునకు ఆ పద్ధతిని తెచ్చెను.

ఇక బైపాసును మొదట చేసినవారు అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్, చికాషి ఇటో అనువారు, 1966లో. పుండ్లకై కడుపులో చాలభాగము తీయించుకొన్నవారు బరువు తగ్గుటను చూచి ఈ ఆలోచన చేసిరి. వారు కడుపును కోసి రెండుగా వేరుచేసిరి. 1977లో జాన్ ఆల్డెన్ అను వైద్యుడు, కోయకుండనే, కడుపునకు అడ్డముగా పిన్నుల వరుసలు కొట్టి విభజించు పద్ధతిని తెలిపెను. అది త్వరగా అగును, కోతలేదు గనుక కారిపోవునను భయము తక్కువ. అదే సంవత్సరము వార్డ్ గ్రిఫెన్ అను వైద్యుడు ప్రేగును పంగలకఱ్ఱవలె అతుకు పద్ధతిని బైపాసునకు చేర్చెను. ఆపరేషను గదిలోను, మొదటి మాసములలోను, కోయక పిన్నులు కొట్టిన కడుపు చక్కగానే కనబడెను. సంవత్సరములు గడచినకొలది పిన్నుల వరుసలు నిశ్శబ్దముగా విడిపోయెను. వెలుపల మచ్చ లేదు, జ్వరము లేదు. మనిషి మరల తినగలుగుచున్నాడు, బరువు వచ్చుచున్నది, అంతే తెలియును. కోసి వేరుచేయనివారి విషయములో కొందరు వైద్యుల లెక్కలలో నూటికి పదులకొద్ది, ఒక్కొక్కచోట ఇంచుమించు సగముమందికి, ఇట్టి సందు కనబడెను. కెనడా దేశపు మాంట్రియాల్‌లో లాయిడ్ మెక్లీన్ మొదలైనవారు దీనిని కనిపెట్టి, కడుపును కోసి వేరుచేయు పద్ధతికి మారిరి. అట్లు మారినచోట ఆ సందు నూటికి ఒకరు మొదలుకొని ఆరుగురి వరకు తగ్గెను. ఈ దినములలో సాధారణముగా అందరును కోసి వేరుచేయుచున్నారు. నా చెల్లెలికి చేసినదియు అట్టిదే. ఆమె ఆ నూటికి ఒకరిద్దరిలో ఒకతె.

ఒకే గట్టునకు ఇరుప్రక్కల రెండు మడులుండినయెడల, ఒక్క ఎండ్రకాయ బొరియ పెట్టినను నీరు అటునుండి ఇటు పోవును. రెండు మడులకు రెండు గట్లు, నడుమ ఖాళీయుండినయెడల అంత సులువుగా పోదు. ఇది మన రైతులకు చెప్పనక్కరలేదు. అయితే దీనికి ఇంకొక కారణము కూడ కలదు. కోయకుండ పిన్నులు కొట్టునప్పుడు కడుపు లోపలి పొర లోపలి పొరకు ఆనును. ఆ పొరల స్వభావమేమనగా, ఎంత గట్టిగా అదిమినను అవి ఒకదానితో ఒకటి సరిగా అతుకుకొనవు. పిన్ను పట్టియుంచినంతకాలము పట్టియుండును. కోసినచోటనైతే గాయపు అంచులు మానుచు ఒకటిగా కూడుకొనును. గాయము లేనిచోట మానుట లేదు. మానుట లేనిచోట ఏకమగుట లేదు. ఈ మాట చదివినప్పుడు నేను పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని. నేనును నా చెల్లెలును ఒకే గుడిలో, ఒకే బల్లయొద్ద, సంవత్సరములకొద్ది ప్రక్కప్రక్కను ఉంటిమి. పిన్నులతో అదిమినట్లుంటిమి గాని ఏకమై యుండలేదు. నా అతిశయము ఎక్కడను కోయబడలేదు గదా!

పిన్నుల ఎత్తు కూడ ముఖ్యమని చదివితిని. కడుపు గోడ క్రిందిప్రక్క మందముగాను పైప్రక్క పలుచగాను ఉండును. మందమైనచోట పొట్టి పిన్ను వేసినయెడల అది సరిగా ముడుచుకొనదు, కుట్టు విడును. పలుచనిచోట పొడుగు పిన్ను వేసినయెడల బిగువు చాలక రక్తము కారును. అందుచేత పిన్నులకు తెలుపు, నీలము, పచ్చ అని రంగుల గుర్తులు పెట్టిరి. మంచి వైద్యుడు యంత్రముతో కడుపు గోడను పట్టుకొని, వెంటనే నొక్కక, కొన్ని క్షణములు ఆగి, అది అణగిన తరువాతనే పిన్ను వదలును. ఆగక నొక్కు చేయి గాయపరచును. ఎదుటివాని మందమేదో పలుచనమేదో చూడకయే అందరికిని ఒకే గద్దింపు వేయు బోధకులకు, అనగా నాకు, ఇది తగిన పాఠమే.

సంచికిని ప్రేగునకును వేయు అతుకును కొందరు గుండ్రని స్టేప్లరుతోను, కొందరు నిలువు స్టేప్లరుతోను, కొందరు చేతి కుట్టుతోను వేయుదురు. 1993లో ఆలన్ విట్‌గ్రోవ్, వెస్లీ క్లార్క్ అనువారు కడుపు తెరువక చిన్న రంధ్రములగుండ ఈ ఆపరేషను మొదట చేసినప్పుడు గుండ్రని స్టేప్లరునే వాడిరి. చిన్న గుండ్రని స్టేప్లరుతో వేసినచోట తరువాత అతుకు బిగిసి ఇరుకగుట ఎక్కువ. అయితే అనేక సంవత్సరముల తరువాత బరువును తూచినప్పుడు, ఈ మూడింటి మధ్య పెద్ద భేదము కనబడదు. కడుపును వేరుచేసితివా లేదా అనునదియు, పిమ్మట ఎట్లు కాపాడుకొంటివి అనునదియు ఎక్కువ లెక్కకు వచ్చును.

ఇచ్చట ఒక హెచ్చరిక. బరువు తిరిగి వచ్చిన ప్రతివారికిని లోపల సందు పడినదని తలంచకుడి. చాలమందికి కుట్టు చక్కగానే ఉండును. అమెరికాలోని యూటా రాష్ట్రమున బైపాస్ చేయించుకొన్న నాలుగువందలకు పైబడిన వారిని 12 సంవత్సరములు వెంబడించి చూచి, 2017లో ఆ లెక్క ప్రకటించిరి. రెండేండ్లకు సగటున 45 కిలోలు తగ్గిరి. ఆరేండ్లకు ఆ తగ్గుదల 36 కిలోలయ్యెను. పన్నెండేండ్లకు 35 కిలోలు నిలిచెను. చక్కెరవ్యాధి యున్నవారిలో రెండేండ్లకు నూటికి 75 మందికి అది విడిచెను. పన్నెండేండ్లకు అట్లు విడిచియున్నవారు నూటికి 51 మంది. అనగా మేలు గొప్పది, నిలుచునది. గాని కొంత తిరిగి వచ్చుట అనేకులకు కలుగునదే. శరీరము తాను పోగొట్టుకొనినదానిని తిరిగి సంపాదింపవలెనని లోపల పెనుగులాడును. దానిని తిండిపోతుతనమని పిలుచుట సులభము, సత్యము కాదు. తిండి విషయములో పాపము లేదని నేను చెప్పుట లేదు. ఆశానిగ్రహము ఆత్మఫలములలో ఒకటని నేటికిని బోధించుచున్నాను. గాని ఎవరి పళ్లెములో ఏమున్నదో చూడక, ఎవరి కడుపులో ఏమైనదో ఎరుగక, తూకపు రాయి చూచి పాపమును కొలుచుటకు దేవుడు నాకు అధికారమియ్యలేదు.

నా చెల్లెలికి ముందు మందులతో ఆమ్లమును తగ్గించి పుండు మాన్పిరి. నొప్పి మాత్రలు నిలిపిరి. కొన్ని మాసముల తరువాత మరల ఆపరేషను చేసి, సందును తీసివేసి, రెండు కడుపులను మరల వేరుపరచిరి. పాతగాయముమీద చేయు ఈ రెండవ ఆపరేషను మొదటిదానికంటె కష్టమైనది. ఆమె పదునొకండు దినములు ఆసుపత్రిలోనుండెను. నేడు ఆమె 84 కిలోలు. చక్కెరకు ఒక మాత్ర వేసికొనుచున్నది. నడచుచున్నది. ఇది అద్భుతమని నేను చెప్పను. కృప అని చెప్పుదును.

ఆసుపత్రిలో మూడవ రాత్రి నేను ఆమె మంచముయొద్ద కూర్చుండి, “అమ్మాయీ, ఆ ఆదివారం నేను చేసింది పాపం. నన్ను క్షమించు,” అంటిని. ఆమె చాలసేపు పలుకలేదు. తరువాత, “క్షమించాను అన్నయ్యా. కానీ నువ్వు నాతో చెప్పింది ఇక్కడ, ఈ గదిలో. అన్నది మాత్రం అందరి ముందు కదా,” అనెను. అది నిజము. గాయమైనచోటనే కుట్టు పడవలెను. ఆమె ఇంటికి వచ్చిన తరువాతి ఆదివారము నేను పీఠము దిగి, మూడవ వరుస ప్రక్కను నిలువబడి, సంఘమంతటియెదుట నా తప్పు ఒప్పుకొంటిని. నా కాళ్లు వణకెను. స్త్రీల కూటపు పెద్దమ్మ లేచి వచ్చి నా చెల్లెలి చేయి పట్టుకొనెను. పాట పాడమని నేను చెప్పుటకు మరచితిని, ఎవరును పాడలేదు. ఆ నిశ్శబ్దమే మాకు ఆనాటి ఆరాధన.

ప్రియ చదువరీ, నీ సంఘములోను ఇట్టి ఆపరేషను చేయించుకొన్నవారు ఒకరుండవచ్చును. వారికి నా మనవి: సంవత్సరమునకొకసారి చూపించుకొనుట మానకుడి. బి12, ఇనుము, కాల్షియము, డి విటమిను మొదలగునవి వైద్యుడు చెప్పినట్లు జీవితాంతము వేసికొనుడి. దాటిపోయిన ప్రేగు వాటిని మునుపటివలె పీల్చుకొనలేదు. వైద్యుని అడుగక నొప్పి మాత్ర మ్రింగకుడి. చుట్ట, బీడీ ముట్టకుడి. సారాయి అందరికిని చెరుపే. బైపాస్ అయినవారికి అది మరింత త్వరగా రక్తములో కలిసి ఎక్కును. కడుపులో మంటయు, నల్లని విరేచనమును, తగ్గిన బరువు కారణము తెలియక తిరిగివచ్చుటయు కలిగినయెడల, సిగ్గుపడి ఇంట కూర్చుండక వైద్యునియొద్దకు వెళ్లుడి.

మిగిలిన మనకందరికిని నా మనవి ఇది. ప్రేమవిందులో “ఇంకొంచెం వేయించుకో అమ్మా” అని బలవంతపెట్టి, చేయి కడుగుకొనిన తరువాత వెనుక నవ్వు అలవాటు మానుదము. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా నేలమీద అతనితో కూర్చున్నంతవరకు మంచి స్నేహితులే. నోరు తెరచి కారణములు వెదకిన దినమునుండి అతనికి భారమైరి. ఒకరి శరీరము మార్పు చెందుట చూచినప్పుడు, “ఏమి తిన్నావు?” అని అడుగుటకు ముందు “ఒంట్లో ఎట్లున్నది? నేను తోడు రానా?” అని అడుగుదము. లోపలి కుట్టు మన కంటికి కనబడదు. దానిని చూచువాడొక్కడు కలడు. ఆయన మనలను చూచి నవ్వలేదు, మనకొరకు గాయపడెను.

ప్రార్థన: ప్రభువా, మేము చూడని గాయములను చూచువాడవు నీవే. తీర్పు తీర్చుటకు తొందరపడు మా నాలుకలను ఆపుము. మా అతిశయమును నీవే కోసి, మమ్మును ఒకరితో ఒకరిని ఏకముగా అతుకుము. రోగుల మంచములయొద్ద సహాయము చేయు చేతులను మాకిమ్ము. మా రక్షకుడైన యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.